వాక్యం తాయెత్తు కాదు తమ్ముడూ!

ఆదివారం ఉదయం ఏడున్నర. మా డ్యూటీ బస్సు రహీమా దాటి రాస్ తనూరా రిఫైనరీ గేటు వైపు పోతుంటుంది. సరిగ్గా అదే సమయానికి ఊళ్లో పది గంటల ఆరాధన మొదలవుతుంది. మన గడియారానికీ ఇంటి గడియారానికీ రెండున్నర గంటల తేడా. అక్కడ గుళ్లో గంట మోగే వేళకు మనం ఇక్కడ హెల్మెట్ బెల్టు బిగించుకుంటూ ఉంటాం. గల్ఫ్‌లో బతికే తెలుగు క్రైస్తవుడి ఆదివారం ఎప్పుడూ ఇంతే. ఇందులో కొత్తేమీ లేదు.

కొత్త సంగతి 2020లో జరిగింది. కరోనా వచ్చి ఊళ్లో గుడికి తాళం పడింది. మా అమ్మ ఫోన్ చేసి, ‘‘గుడికి పోని ఆదివారం కూడా ఉంటుందా నాయనా?’’ అని ఏడ్చింది. నాకు ఏడుపూ వచ్చింది, నవ్వూ వచ్చింది. అప్పటికి నేను గుడి మెట్లెక్కి రెండేళ్లు దాటిపోయింది. మనకు ఏళ్ల తరబడి ఉన్న లాక్‌డౌన్ వాళ్లకు కొత్తగా వచ్చింది, అంతే కదా!

ఆ ఏడాది అంతా రోజుకో పేజీ రాశాను. వాక్యం మీద నాకు తోచిన నాలుగు మాటలు. రాత్రి మెస్ నుంచి వచ్చాక నోటు పుస్తకంలో రాసి, ఫొటో తీసి, తెలిసినవాళ్లకు ఫోన్‌లో పంపేవాణ్ణి. 2020 ఏప్రిల్ 12 ఈస్టర్ నాడు మొదలుపెట్టాను. 2021 ఏప్రిల్ 4 ఈస్టర్ నాడు ఆపేశాను. మూడు నోటు పుస్తకాలు నిండాయి. ఈమధ్య పెట్టె సర్దుతుంటే అవి బయటపడ్డాయి. ఐదేళ్లు దాటాక తిరగేస్తే కొన్ని పేజీలకు సంతోషమేసింది. కొన్నిటికి సిగ్గేసింది. సిగ్గేసిన పేజీల గురించి చెప్పుకోవడమే ఇప్పుడు అవసరం అనిపించి ఇది రాస్తున్నాను.

తాళం పడిన ఈస్టర్

ఆ రోజులు ఒకసారి గుర్తు చేసుకుందాం. సౌదీలో తొలి కరోనా కేసు 2020 మార్చి 2న బయటపడింది. అదెక్కడో కాదు, మన పక్కనున్న ఖతీఫ్‌లోనే. మార్చి 8న ఖతీఫ్‌కు రాకపోకలు మూసేశారు. 15 నుంచి విమానాలు ఆగిపోయాయి. 17న మసీదుల్లో సామూహిక నమాజు ఆపేశారు. 23 నుంచి రాత్రి కర్ఫ్యూ. ఏప్రిల్‌లో దమ్మామ్, ఖతీఫ్‌లలో ఇరవై నాలుగు గంటలూ కర్ఫ్యూనే. అక్కడ ఇండియాలో మార్చి 25 నుంచి లాక్‌డౌన్. అంటే ఇక్కడ ఉండలేం, అక్కడికి పోలేం.

ఏప్రిల్ 20న అమెరికాలో చమురు ధర సున్నా కంటే కిందికి పడిపోయింది. 1939 మే 1న అబ్దుల్ అజీజ్ రాజు స్వయంగా వచ్చి వాల్వు తిప్పి సౌదీ చమురును తొలిసారి ఓడకెక్కించింది మన రాస్ తనూరా రేవులోనే. అలాంటి రేవులో కాంట్రాక్టు పని చేసుకునేవాడికి ఆ ధర వార్త అర్థమైంది ఒక్కటే. ‘వచ్చే నెల మన పేరు లిస్టులో ఉంటుందో ఉండదో!’

సౌదీలో చర్చి లేదన్నది అందరికీ తెలిసిందే. ఎవరి గదిలో వాళ్లు కళ్లు మూసుకుని ప్రార్థించుకోవడమే. వీసా, వాహనం కుదిరినవాళ్లు 1986లో కట్టిన కాజ్‌వే మీదుగా బహ్రెయిన్ వెళ్లి మనామా చర్చిలో ఒక శుక్రవారం గడిపి వచ్చేవాళ్లు. 2020 మార్చిలో ఆ దారీ మూసుకుపోయింది. అటు మెదక్ చర్చిని చూడండి. 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠ జరిగినప్పటి నుంచి ఈస్టర్ అంటే అక్కడ జనసంద్రం. లాక్‌డౌన్‌లో దేశమంతటా ప్రార్థనా స్థలాలన్నీ మూసేయడంతో ఆ ఏడాది అక్కడా జనం లేరు. వాటికన్‌లో మార్చి 27న పోప్ ఫ్రాన్సిస్ ఖాళీ చౌరస్తాలో వానలో నిలబడి లోకం కోసం ప్రార్థించారు. మా ఊరి అయ్యగారు ఖాళీ బెంచీల ముందు నిలబడి, ఎక్కడ చూడాలో తెలియక, ఫోన్‌లోకి చూస్తూ వాక్యం చెప్పారు. బస్సులో కూర్చుని అది చూస్తే ఒక సంగతి తట్టింది. గుడి లేకుండా భక్తి నిలబెట్టుకోవడం ఎలాగో మనకు ముందే తెలుసు. పౌలు ఫిలిప్పీయులకు ఉత్తరం రాసింది బందీగా ఉండే కదా! ఆ ధైర్యంతోనే పేజీలు మొదలుపెట్టాను.

‘నువ్వే కదన్నా రాశావు!’

ఆ నెలల్లో మన ఫోన్లలో ఎక్కువగా తిరిగినది 91వ కీర్తన. తెగులు నీ గుడారం దగ్గరికి రాదనే భావం ఉన్న కీర్తన అది. నేనూ దాని మీద వరసగా మూడు రోజులు రాశాను. నమ్మినవాడికి భయం లేదు, మనకు మాస్కు కంటే వాక్యం గట్టిది అన్న ధోరణిలో రాశాను. చదివినవాళ్లు ‘ఆమెన్ బ్రదర్’ అని పెట్టారు. నాకు బాగుందనిపించింది.

జూన్‌లో మా పక్క గది కుర్రాడికి జ్వరం వచ్చింది. శ్రీకాకుళం జిల్లా పిల్లాడు, ఫిట్టర్‌గా వచ్చి ఏడాది కూడా కాలేదు. నాలుగు రోజులు ఎవరికీ చెప్పలేదు. ఐదో రోజు ఊపిరి అందక మంచం మీద కూర్చుండిపోతే ఆస్పత్రికి తీసుకెళ్లారు. ఆక్సిజన్ పెట్టారు. ఆ గదిలో ఉండే ఆరుగురిలో మరో ముగ్గురికి పాజిటివ్ వచ్చింది. అందులో ఒకాయన యాభై దాటిన షుగర్ మనిషి. దేవుడి దయవల్ల అందరూ బయటపడ్డారు.

తిరిగొచ్చాక వాణ్ణి నిలదీశాను. ‘‘ఎందుకు చెప్పలేదురా?’’ అన్నాను. తల దించుకుని, ‘‘డ్యూటీ పోతుందని భయమేసిందన్నా. అయినా నువ్వే కదన్నా రాశావు, మన దగ్గరికి రాదని!’’ అన్నాడు.

ఆ మాటతో నాకు నోట మాట రాలేదు. వాడు దాచింది ఉద్యోగ భయంతోనే. కానీ ఆ భయానికి విశ్వాసం అనే ముసుగు తొడిగింది నా పేజీ. అప్పటికే, మార్చి 30న, ఇకామా ఉన్నా లేకపోయినా కరోనా వైద్యం అందరికీ ఉచితమని రాజుగారి ఆజ్ఞ వచ్చింది. ఆ సంగతి నా పేజీలో ఒక్క లైను రాసి ఉంటే వాడికి నా మూడు రోజుల ప్రసంగం కంటే ఎక్కువ పనికొచ్చేది.

ఆ రాత్రి మళ్లీ బైబిలు తీశాను. అదే 91వ కీర్తనను యేసు దగ్గర వల్లించింది ఎవరో మత్తయి సువార్త నాలుగో అధ్యాయంలో ఉంది. సాతాను! గుడి గోపురం మీద నిలబెట్టి, దూకు, నీకేం కాదు, రాసి ఉంది కదా అన్నాడు. యేసు దూకలేదు. దేవుణ్ణి పరీక్షించడం నమ్మకం కాదన్నాడు. వాక్యం అదే. దాన్ని వాడిన తీరులోనే తేడా. నేను ఆ కుర్రాడి చేత దూకించాను.

మర్నాటి పేజీలో క్షమాపణ అడిగాను. జ్వరం వస్తే దాచొద్దు, దాస్తే పక్క మంచం వాడికి అన్యాయం చేసినట్టే అని రాశాను. దానికి ‘ఆమెన్’లు తక్కువ వచ్చాయి. ఇద్దరు మాత్రం విడిగా ఫోన్ చేసి తమకూ ఒళ్లు వెచ్చగా ఉందన్నారు.

ఇది నా ఒక్కడి కొత్త తెలివేమీ కాదు. 1527లో జర్మనీలోని విట్టెన్‌బర్గ్‌కు ప్లేగు వచ్చినప్పుడు మార్టిన్ లూథర్ ఊరు విడిచి పోలేదు. ప్లేగు వస్తే పారిపోవచ్చా అని అడిగిన ఒక పాస్టరుకు బహిరంగ ఉత్తరం రాశాడు. మందు వాడాలి, ఇంట్లో పొగ వేయాలి, అవసరం లేని చోటికి పోయి నా వల్ల ఇంకొకరు చావకూడదు, పొరుగువాడికి నా అవసరం పడితే మాత్రం వెనకాడకుండా వెళ్లాలి అన్నది దాని సారం. దాదాపు ఐదు వందల ఏళ్ల కిందటి మాట. మాస్కు, దూరం, సేవ మూడూ అందులోనే ఉన్నాయి.

ఏడు రోజుల మౌనం

ఆగస్టులో ఆంధ్రప్రదేశ్‌లో రోజుకు పదివేల కేసులు దాటాయి. మా గదిలో ఉండే గోదావరి జిల్లా అన్నకు తెల్లవారుజామున ఫోన్ వచ్చింది. తల్లి చనిపోయింది. పోవడానికి దారి లేదు. వందే భారత్ విమానాలు మే నుంచి నడుస్తున్నాయి గానీ పేరు నమోదు కావాలి, సీటు దొరకాలి, ఎగ్జిట్ రీ-ఎంట్రీ కావాలి. దిగాక క్వారంటైన్. ఇన్ని దాటేసరికి భూస్థాపన అయిపోయి ఎన్నాళ్లవుతుందో!

భూస్థాపన ఫోన్‌లోనే చూశాడు. పది మంది కూడా లేరు. అయ్యగారు మాస్కు పెట్టుకుని ప్రార్థన చేశారు. తమ్ముడు ఫోన్ పట్టుకున్న చెయ్యి వణుకుతోంది, అందుకని బొమ్మ నిలవడం లేదు. పిడికెడు మన్ను వేసే వేళకు సిగ్నల్ పోయింది. ఆయన ఫోన్ వైపు చూస్తూ అలాగే ఉండిపోయాడు.

నేను నా అలవాటు ప్రకారం ఆదరణ వచనాలు చదవబోయాను. ‘‘వచనాలొద్దు తమ్ముడూ, కాసేపు ఇక్కడ కూర్చో’’ అన్నాడు. కూర్చున్నాను. టీ పెట్టిచ్చాను. ఆ రోజు పేజీ రాయలేదు. ఏడాది మొత్తంలో ఖాళీగా ఉన్న పేజీ అదొక్కటే. ఇప్పుడు చూస్తే అందులోనే ఎక్కువ వాక్యం ఉందనిపిస్తుంది.

యోబు దగ్గరికి వచ్చిన స్నేహితులు ఏడు రోజులు నేల మీద మాట్లాడకుండా కూర్చున్నారట. అంతవరకూ వాళ్లు మంచి స్నేహితులే. నోరు తెరిచి కారణాలు చెప్పడం మొదలుపెట్టాకే చెడిపోయారు. కరోనాలో మనవాళ్లు చాలామంది ఆ పనే చేశారు. ఫలానా పాపం వల్ల ఈ తెగులు, ఫలానా దేశం మీద దేవుడి కోపం అని తీర్పులు చెప్పేశారు. పుట్టు గుడ్డివాణ్ణి చూసి ఎవరి పాపం అని శిష్యులు అడిగితే యేసు ఇతనిదీ కాదు, తల్లిదండ్రులదీ కాదు అన్నాడని మనం చిన్నప్పటి నుంచీ సండే స్కూల్లో విన్నదే. విన్నాం గానీ, అవసరమైనప్పుడు మరిచిపోయాం.

సూదీ, ముద్రా

2020 డిసెంబరు 17న సౌదీలో టీకాలు మొదలయ్యాయి. మనకూ ఉచితమే. ఇక ఫోన్లు మోగాయి. టీకాలో చిప్ ఉందట, అదే ప్రకటన గ్రంథంలో చెప్పిన 666 ముద్ర అట, వేయించుకుంటే రక్షణ పోతుందట! ఇవి పంపింది బయటివాళ్లు కాదు. మన సంఘాల వాళ్లు, మన బంధువులు. ఎవరు మొదలుపెట్టారో తెలియదు, ముందుకు తోసింది మాత్రం మన వేళ్లే.

ప్రకటన గ్రంథం ఆసియాలోని ఏడు సంఘాలకు రాసినది. రోమా సామ్రాజ్యం కింద నలిగిపోతున్నవాళ్లు తట్టుకుని నిలబడడానికి రాసినది. అందులో ముద్ర అంటే ఎవరికి మొక్కుతావన్న ప్రశ్న. భుజానికి వేసే సూదికీ దానికీ సంబంధం లేదు. ఇక్కడ పని చేయాలంటే చిన్నప్పటి నుంచి ఎన్ని టీకాలు, ఎన్ని మెడికల్ టెస్టులు దాటి వచ్చాం! అప్పుడెవరికీ ముద్ర గుర్తు రాలేదు. నేను వేయించుకుని, మర్నాడు చెయ్యి నొప్పిగా ఉందని, అంతకు మించి ఏమీ లేదని రాశాను. ఊళ్లో మా అమ్మ మాత్రం ఎవరో చెప్పింది విని రెండు నెలలు మొరాయించింది. నా పేజీలు ముప్పై మందికి పోయాయి గానీ సొంత తల్లికి ఫోన్ చేసి నచ్చజెప్పడం ఆలస్యం చేశాను. ఇంటి దీపం కింద చీకటంటే ఇదే.

కానుక ఎవరికి?

డబ్బు మాట కూడా చెప్పుకోవాలి. ఆ ఏడాది జులై 1 నుంచి వ్యాట్ 5 నుంచి 15 శాతానికి పెరిగింది. బకాలాలో బియ్యం, నూనె ధరలు చూసి జేబు తడుముకునే పరిస్థితి. ఓవర్‌టైం లేదు. కొన్ని క్యాంపుల్లో సగం జీతం. అలాంటి రోజుల్లో కూడా, మీ పేరు మీద ప్రత్యేక ప్రార్థన చేస్తాం, కానుక పంపండి అని ఫోన్‌లో ముఖం కూడా తెలియని బోధకులు అడిగితే మనవాళ్లు పంపారు. ఇంట్లో పిల్లల ఫీజు ఆపి పంపినవాణ్ణి నేనే ఎరుగుదును. అతని భయం అలాంటిది. తప్పు భయపడ్డవాడిది కాదు, భయాన్ని అమ్ముకున్నవాడిది.

మన తెలుగు నేల మీదే దీనికి మంచి పాఠం ఉంది. 1876-78 కరువులో ఒంగోలు ప్రాంతం అల్లాడింది. అక్కడి బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని ఆకలిగా ఉన్నవాళ్లకు కూలి ఇప్పించాడు. తిండి కోసం మతంలోకి వస్తున్నారన్న మాట రాకూడదని కరువు కాలమంతా బాప్తిస్మాలు ఆపేశాడు. కరువు తీరాక 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ముందు పని, ముందు అన్నం, మిగతాది తర్వాత. ఆకలిగొన్నవాడి దగ్గర నుంచి కానుక అడగడానికీ దీనికీ ఎంత దూరం!

మేమూ మాకు చేతనైంది చేశాం. పక్క క్యాంపులో పని పోయి, విమానం కోసం ఎదురు చూస్తున్నవాళ్లకు తలా పది, ఇరవై రియాళ్లు వేసుకుని బియ్యం, పప్పు ఇచ్చాం. అందులో కరీంనగర్ ముస్లిం అన్న ఉన్నాడు, నిజామాబాద్ మల్లన్న భక్తుడున్నాడు. ఎవరి మతం ఎవరూ అడగలేదు. అడిగే ఓపిక కూడా లేదు. రంజాన్‌లో ఇఫ్తార్ పొట్లాలు మా గదికీ వచ్చాయి. బకాలా నడిపే మలయాళీ ఇక్కా మూడు నెలలు ఖాతా రాసుకున్నాడు, ఒక్కసారి కూడా గట్టిగా అడగలేదు. బబులోనుకు చెరపట్టి తీసుకుపోయిన జనానికి యిర్మీయా ప్రవక్త ఉత్తరం రాశాడు. మీరున్న పట్టణం క్షేమంగా ఉంటేనే మీకూ క్షేమం, దాని కోసం ప్రార్థించండి అన్నది దాని భావం. రాస్ తనూరా కోసం ప్రార్థించడం అంటే ఏమిటో ఆ ఇక్కా ఖాతా పుస్తకం చూశాక తెలిసింది.

మార్చి 7 రాత్రి

2021 మార్చి 7. మళ్లీ ఆదివారమే. కరోనా తగ్గుతోంది అనుకుంటుంటే రాస్ తనూరా రేవులో చమురు ట్యాంకుల మీద డ్రోన్ దాడి జరిగింది. ఎవరికీ గాయాలు కాలేదని ఆ రాత్రే ప్రకటించారు. మర్నాడు ప్రపంచ మార్కెట్‌లో బ్యారెల్ 70 డాలర్లు దాటింది. లోకం ధర చూసింది. ఇంటి దగ్గర వాళ్లు టీవీలో ‘రాస్ తనూరా’ అన్న పేరు చూసి ఫోన్లు చేశారు.

ఏడాది కిందటి నేనైతే ఆ రాత్రి మళ్లీ 91వ కీర్తన రాసేవాణ్ణి. ఆ రోజు నాలుగే లైన్లు రాశాను. ‘అందరూ ఇంటికి ఫోన్ చేసి బాగున్నామని చెప్పండి. సేఫ్టీ వాళ్లు చెప్పినట్టు వినండి. భయంగా ఉంటే నా గది తలుపు తట్టండి. భయపడుతున్నామని దేవుడితో చెప్పడం కూడా ప్రార్థనే.’ కీర్తనల్లో మూడో వంతు దాకా మొరలే, ఏడుపులే. దేవా, ఎన్నాళ్లు అని అడిగినవాళ్లను దేవుడు గద్దించలేదు. ఆ సంగతి రాయడానికి నాకు పదకొండు నెలలు పట్టింది. ఆ రాత్రి నలుగురు తలుపు తట్టారు. ఇద్దరు క్రైస్తవులే కాదు.

ఇప్పుడెందుకీ మాట?

కరోనా పోయింది కదా, పాత పుస్తకాలు ఎందుకు విప్పాలి అనవచ్చు. తెగులు పోయింది గానీ ఫోన్ పోలేదు. ఆ రోజుల్లో పడ్డ అలవాట్లూ పోలేదు. ఇప్పటికీ జ్వరం వస్తే, ఛాతీలో నొప్పి వస్తే, ఆస్పత్రికి పోకుండా ఎవరో పంపిన ప్రార్థన నూనె రాసుకుని డ్యూటీకి పోయేవాళ్లున్నారు. వేసవిలో ఎండదెబ్బ తగిలి కళ్లు తిరిగినా చెప్పకుండా దాచేవాళ్లున్నారు. అప్పు చేసి ‘విత్తనం కానుక’ పంపేవాళ్లున్నారు. అందుకే ఈ మాట.

గల్ఫ్‌లోని నా తోటి విశ్వాసులకు మూడే విన్నపాలు. ఒకటి, ఒంట్లో బాగాలేకపోతే ముందు క్లినిక్, తర్వాత ప్రార్థన అనడం లేదు. రెండూ కలిపి చేయండి, దేన్నీ దేనికి అడ్డం పెట్టొద్దు. రెండు, ఒక వాక్యం ముందుకు పంపేముందు, దీన్ని నమ్మి ఒకడు దూకితే పట్టుకోవడానికి నేను వెళ్తానా అని అడుక్కోండి. వెళ్లనంటే పంపకండి. మూడు, కానుక ఇవ్వాలనుకుంటే ముందు పక్క మంచం మీదివాడు తిన్నాడో లేదో చూడండి. మిగిలితే మీకు తెలిసిన ఊరి సంఘానికి, లెక్క చెప్పేవాళ్లకు ఇవ్వండి.

ఊళ్లోని అయ్యగార్లకూ ఒక మాట. మీరు ఖాళీ బెంచీలకు వాక్యం చెప్పిన ఆదివారాలు గుర్తుంచుకోండి. మా బతుకు ఎప్పుడూ ఆ ఖాళీ బెంచీనే. గల్ఫ్ వాడంటే కానుక పంపేవాడని కాకుండా, నెలకొకసారి పేరు పెట్టి పిలిచి ‘ఎలా ఉన్నావు నాయనా’ అని అడగండి. అది చాలు.

ఆ ఫిట్టర్ కుర్రాడు ఇప్పుడు జుబైల్‌లో పని చేస్తున్నాడు. పెళ్లయింది, పాప పుట్టింది. మొన్న ఫోన్ చేసి, ‘‘అన్నా, మళ్లీ పేజీలు రాయవా?’’ అన్నాడు. ‘‘రాస్తే నమ్ముతావా?’’ అన్నాను. ‘‘నమ్ముతా గానీ, జ్వరమొస్తే డాక్టరు దగ్గరికి కూడా పోతా’’ అన్నాడు.

నా మూడు పుస్తకాల కంటే వాడి ఒక్క మాటే నయం.